ఏ యూరి యింజను? ఏ యేటి యింజను?

ఇంటిలో ఒక మూలను చిన్న పట్టాలు పరచి రైలు నడుపవలెనని కోరిక పుట్టినవారు సాధారణముగా ముందు ఇంజను కొని, పిమ్మట దానికి తగిన పట్టాలను, పట్టాలకు తగిన బల్లను, బల్లకు తగిన చోటును వెదకుకొందురు. అంగడి అద్దాల బీరువాలో మెరయుచున్న ఇంజను కంటికి ఇంపుగా నుండుటయే ఆ యెన్నికకు హేతువగును. ఒకటి జర్మను ఇంజను, మరియొకటి అమెరికా ఇంజను, మూడవది బ్రిటిషు ఆవిరి ఇంజను, ఇట్లు సంవత్సరము తిరుగునప్పటికి ఇంటి బీరువా నిండునే గాని రైల్వే ఏర్పడదు. ఆ యింజనులలో ఏ రెండును ఒక స్టేషనులో కలిసి నిలిచినవి కావు; ఏ యొక్కటియు మన మెరిగిన ప్లాట్‌ఫారము మీదికి వచ్చినది కాదు. కావున చిన్న రైల్వే కట్టదలచినవాడు మొట్టమొదట నిశ్చయించుకొనవలసినది ఇంజను కాదనియు, ఒక ఊరును ఒక సంవత్సరమును అనియు నా దృఢమైన అభిప్రాయము. ఆ రెండును స్థిరపడినచో ఏ యింజను కావలెనో, దానికి ఏ రంగు వేయవలెనో, దాని వెనుక ఏ పెట్టెలు తగిలింపవలెనో చాలవరకు వాటంతట అవియే తేలిపోవును. కొనరాని వస్తువుల పట్టిక కూడ దానితోడనే సిద్ధమగును. ఖర్చు తగ్గించుటలో ఈ రెండవ పట్టికకు మించిన సహాయము లేదు.

సికిందరాబాదులో నివసించువారికి ఊరిని వెదకుకొను శ్రమ లేదు. వాడి నుండి నిజాము రైలుమార్గము 1874 అక్టోబరులో ఇచ్చటికి చేరినది. తరువాత పాతిక సంవత్సరములకు మన్మాడు వైపు నుండి గోదావరీ లోయ మీదుగా మీటరుగేజి దారియు వచ్చి కలిసినది. అది మొదలు దాదాపు నూరేండ్లు ఈ యూరిలో వెడల్పు పట్టాలును సన్నని పట్టాలును పక్కపక్కనే జీవించినవి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికిందరాబాదు దానికి ముఖ్యస్థానమైనది. ఊరి అంచున మౌలాలిలో డీజిలు షెడ్డు, లాలాగూడలో పెట్టెల వర్కుషాపు, తూర్పుగా కాజీపేటలో మరియొక పెద్ద డీజిలు షెడ్డు, దక్షిణమున గుత్తి, గుంతకల్లు, ఆవల విజయవాడ: ఇన్ని షెడ్ల ఇంజనులు ఈ జోనులో తిరుగాడినవి. స్టేషను మాస్టర్లకు, గార్డులకు శిక్షణ నొసగు మౌలాలి సంస్థలో చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్లు అమర్చిన గది యుండుటయు గమనింపదగినది. మనము వినోదమనుకొను పని వారికి వృత్తిపాఠము.

ఊరు తేలినది, ఇక సంవత్సరము. ఇచ్చట కొంత నిదానింపవలెను, ఏలననగా ఒక్క పదేండ్ల తేడా ఇంజను రూపమును సమూలముగ మార్చివేయును. మన డీజిలు ఇంజనుల పేర్లలోని మొదటి అక్షరము పట్టాల వెడల్పును, రెండవది ఇంధనమును, మూడవది చేయు పనిని తెలుపును. డబ్ల్యూడీఎం-2 అనగా బ్రాడ్‌గేజి మీద నడచునది, డీజిలుది, ప్రయాణికుల బండికిని గూడ్సుకును పనికివచ్చునది, ఆ తరగతిలో రెండవ నమూనా. అమెరికాలోని ఆల్కో సంస్థ రూపకల్పన చేసిన ఈ 2600 అశ్వశక్తి ఇంజను 1962లో మన దేశమునకు వచ్చినది. వారణాసిలోని కర్మాగారము 1964 జనవరి నుండి ఇక్కడనే నిర్మించుట మొదలిడి, రెండువేల ఆరువందలకు పైగా తయారుచేసినది. 1974 ఫిబ్రవరి 1న ప్రారంభమైన గోదావరి ఎక్స్‌ప్రెస్సు వంటి బండ్లను ఎన్నో యేండ్లు లాగినది డీజిలింజనులే. 1994లో 3100 అశ్వశక్తి గల డబ్ల్యూడీఎం-3ఎ, ఆ మరుసటి యేట గూడ్సుల కొరకు డబ్ల్యూడీజీ-3ఎ వచ్చినవి. 1999లో అమెరికా జనరల్ మోటార్సు వంశమునకు చెందిన 4000 అశ్వశక్తి డబ్ల్యూడీజీ-4 దిగినది. ఆకృతిలోను, ధ్వనిలోను, నడకలోను అది వేరు జాతి. నేడు దాదాపు దారులన్నిటిపై కరెంటు తీగలు సాగినవి. 2019తో వారణాసిలో మన రైల్వేకు డీజిలింజనులు కట్టుట నిలిచిపోయినది. ఆ కర్మాగారము 2020లో పేరు కూడ మార్చుకొన్నది. కావున 1980 నాటి సికిందరాబాదును కట్టువాడు డబ్ల్యూడీజీ-4ను ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. 2008 నాటి స్టేషనును కట్టువాడు మీటరుగేజి ఇంజనును ఆ ప్లాట్‌ఫారము మీద నిలుపరాదు. మొదటి ప్రయత్నమునకు 1975 నుండి 1990 వరకు గల కాలమును నేను సూచింతును. అప్పుడు బ్రాడ్‌గేజి మీద ప్రధానమైన డీజిలింజను ఒక్కటే, డబ్ల్యూడీఎం-2. దాని ఒక్కదానిని సమగ్రముగా నేర్చినవానికి తరువాతివన్నియు సులభములగును.

ఇప్పుడు పరిమాణము. లోకమున అత్యధికముగ వాడుకలోనున్న నమూనా నిష్పత్తి హెచ్.ఓ.; అనగా అసలు వస్తువులో 87వ వంతు. దానికి వాడు పట్టాల నడిమి వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87 చేత గుణించిన 1435 మిల్లీమీటర్లు వచ్చును. అది ఐరోపా, అమెరికా దేశముల పట్టాల వెడల్పు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. 87వ వంతున 19.3 మిల్లీమీటర్లు కావలెను. అట్టి పట్టాలు అంగడిలో దొరకవు. ఆ కారణముచేత మన దేశపు నమూనాకారులలో పెక్కురు 87వ వంతు దేహమును 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదనే నిలుపుచున్నారు. ఇది దోషమే యైనను క్షమింపదగిన దోషము. బ్రిటనులో 1938లో హార్న్‌బీ డబ్లో వచ్చిన నాటి నుండి నేటి వరకు అచ్చటివారు తమ యింజనులను వాటి దేహమునకు తగినదానికంటె సన్నని పట్టాల మీదనే నడుపుచు సంతోషముగ నున్నారు. స్వయముగ 19.3 మిల్లీమీటర్ల దారి వేసికొందుమని ఉత్సాహపడువారు ప్రతి యింజనుకు, ప్రతి పెట్టెకు ఇరుసులన్నియు మార్చవలసియుండునని ముందే తెలిసికొనవలెను. మొదటి రైల్వేకు ఆ పట్టుదల కూడదు.

పట్టాల వెడల్పుకంటె బల్ల పొడవు మనలను ఎక్కువగ శాసించును. మన ఊళ్లలో అమ్ము ప్లైవుడ్డు పలక ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గలది, అనగా 2440 మిల్లీమీటర్లకు 1220. డబ్ల్యూడీఎం-2 అసలు పొడవు బఫరు నుండి బఫరుకు 17.12 మీటర్లు, హెచ్.ఓ.లో 197 మిల్లీమీటర్లు. పెరంబూరు కర్మాగారపు పాత పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, హెచ్.ఓ.లో 256 మిల్లీమీటర్లు. పెట్టెలు ఇంత పొడవుగా నున్నప్పుడు 457 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల మలుపులో వాటి మధ్యభాగము లోపలికిని కొసలు వెలుపలికిని వ్రేలాడి చూడ నసహ్యమగును. 559 మిల్లీమీటర్ల వ్యాసార్ధము కొంత మేలు. అది ఆ పలక వెడల్పులో పట్టును గాని అంచున యాబది మిల్లీమీటర్లే మిగులును. మలుపులు పోగా తిన్నని దారి దాదాపు 1220 మిల్లీమీటర్లే. దానిలో ఇంజనుతో మూడు నాలుగు పెట్టెలు మాత్రమే నిలుచును. నాలుగు పెట్టెల గోదావరి ఎక్స్‌ప్రెస్సు గోదావరి ఎక్స్‌ప్రెస్సు కాదు. నిండు బండి కావలెననువాడు ఎన్ నిష్పత్తిని, అనగా 160వ వంతును ఆలోచింపవచ్చును. అందులో ఇంజను 107 మిల్లీమీటర్లు, పెట్టె 139. అదే చోటులో ఎనిమిది పెట్టెలు నిండుగ నిలుచును. అయితే చేతితో చేయు సూక్ష్మమైన అలంకరణకు ఎన్ లోకువైనది. నలుబది యేండ్లు దాటిన కన్నులకు అది పరీక్ష. బండి పొడవు ముఖ్యమా, ఇంజను రూపము ముఖ్యమా యని ప్రశ్నించుకొని నిజాయితీగా సమాధానము చెప్పుకొనవలెను. ఇంజను ముఖ్యమని చెప్పినవారు హెచ్.ఓ.లో నుండి, ఎక్స్‌ప్రెస్సును విడిచి, రెండు మూడు పెట్టెల ప్యాసింజరును గాని, పొట్టి వ్యాగన్ల గూడ్సును గాని నడుపుట ఉత్తమము. అట్టి బండ్లు ఆ కాలమున నిజముగనే యుండెను.

మీటరుగేజి విషయమున ఒక చిత్రమైన లాభము కలదు. 1000 మిల్లీమీటర్ల దారి 87వ వంతున 11.5 మిల్లీమీటర్లు, అంగడిలో దొరకు 12 మిల్లీమీటర్ల పట్టాలు దానికి వెంట్రుకవాసి తేడాతో సరిపోవును. బ్రాడ్‌గేజికి లేని యథార్థత మీటరుగేజికి ఇట్లు లభించుచున్నది. అచ్చట నడచిన వైడీఎం-4 కూడ ఆల్కో వంశముదే: ఆరు సిలిండర్లు, ఆరు ఇరుసులు, పొట్టి దేహము. ద్రోణాచలము వైపునకో, నిజామాబాదు వైపునకో పోవు చిన్న మీటరుగేజి స్టేషనును ఒక గోడ పొడవునా కట్టుకొన్నచో చోటును కలిసివచ్చును, నిష్పత్తియు తప్పదు. ఈ మార్గమును మన వారు ఎక్కువగ తొక్కలేదు. తొక్కవలసినదని నేను గట్టిగ కోరుదును.

నిష్పత్తి తేలిన పిమ్మట ఇంజను కొనుటలో చూడవలసినది పైదేహము కాదు, యంత్రము. దేహమును మనము కోయవచ్చును, అతికింపవచ్చును, కొత్తగ చేయవచ్చును. చెడ్డ యంత్రమును మంచిదిగ చేయుట మన తరము కాదు. మోటారునకు రెండు వైపులను బరువైన ఫ్లైవీలులుండవలెను. ఆరు ఇరుసులకును చోదకశక్తి అందవలెను. పన్నెండు చక్రములును పట్టాల నుండి విద్యుత్తును గ్రహింపవలెను. అసలు ఇంజను బరువు 112.8 టన్నులు, ఘనపరిమాణపు లెక్కను దానిని 87 యొక్క ఘనముచేత భాగించిన 171 గ్రాములు మాత్రమే వచ్చును. అంత తేలికయైన ఇంజను చక్రములు జారి బండిని లాగలేదు, కావున తయారీదారులు లోపల లోహపు దిమ్మ నుంచి దానికంటె ఎంతో బరువుగ చేయుదురు. ఇది మంచి తప్పు.

నడకకు ఒక పరీక్ష చెప్పెదను. మన స్టేషనులలో లూపు దారిలోనికి మళ్లు బండి ఆ కాలమున పెక్కు చోట్ల గంటకు 15 కిలోమీటర్ల వేగముననే పోవలసియుండెను. 87వ వంతున అది సెకనుకు అయిదు సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. అనగా ఎనిమిదడుగుల బల్లను ఈ కొస నుండి ఆ కొసకు దాటుటకు దాదాపు యాబది సెకన్లు పట్టవలెను. గడియారము చేతబట్టుకొని ఇంజనును ఒంటరిగ నడిపి చూడుడు. యాబది సెకన్లలో ఎక్కడను ఆగక, కుదుపక, ఏకధారగ నడచినచో ఆ యంత్రమును నమ్మవచ్చును. మెరుపువలె పరుగెత్తి చూపించు ఇంజను అమ్మువానికి ఉపకరించును గాని మనకు కాదు. షంటింగులో పెట్టెను మెత్తగ తాకలేని ఇంజను అందముతో మన కేమి పని?

డబ్ల్యూడీఎం-2ను సిద్ధరూపమున కొనుట అన్నివేళల సాధ్యము కాదు. పరిమితముగ తయారగు భారతీయ నమూనాలు దొరికినప్పుడు యంత్రమును పై పరీక్షకు గురిచేసి కొనవచ్చును. లేనిచో ఆల్కో వంశములోనే దగ్గరి చుట్టమును వెదకవలెను. అట్లాసు సంస్థ హెచ్.ఓ.లో చేసిన ఆర్.ఎస్.డి.-12 నమూనా అట్టిది. దాని మూడిరుసుల బోగీకి ట్రైమౌంటు అని పేరు. ఆ బోగీలో ఇరుసుల నడుమ దూరములు రెండును సమానముగ నుండవు. డబ్ల్యూడీఎం-2 క్రింద నున్నదియు అదే జాతి బోగీ. ఈ అసమానతయే ఆ యింజను ముఖమునకు తిలకము వంటిది. సమదూరపు ఇరుసులు గల మరియే బోగీని దానిక్రింద నుంచినను రైల్వేలో పనిచేసినవాడు తొలిచూపులోనే పసిగట్టును. అయినను చుట్టము చుట్టమే గాని తాను కాదు. అమెరికా చక్రము 40 అంగుళముల వ్యాసము గలది, మనది 43 అంగుళములు, అనగా 1092 మిల్లీమీటర్లు, హెచ్.ఓ.లో 11.7కును 12.6కును గల భేదము. వ్యాసములోని భేదమున సగము, అనగా దాదాపు అర మిల్లీమీటరు ఎత్తు తేడా పడును. దానికి తగినట్లు దేహమును చట్రముపై ఎత్తి సర్దుకొనవలెను. పైదేహము పూర్తిగ కొత్తది: తెల్లని స్టైరీను పలకలతో కట్టవచ్చును, లేదా త్రీడీ ముద్రణలో చేయించుకొనవచ్చును. ముద్రించిన దేహముపై సన్నని పొరల గీతలు పడును. వాటిని నీటికాగితముతో ఓపికగ రుద్ది తొలగింపక రంగు వేసినచో ఆ గీతలు రంగుక్రింద నుండి ఇంకను స్పష్టముగ పైకి వచ్చును.

కత్తి చేతబట్టుటకు ముందు ఫొటోలు కూర్పవలెను. ఒకే యింజను, ఒకే కాలము, వీలైనచో రెండు పక్కలు, రెండు ముఖములు. డబ్ల్యూడీఎం-2లు వేలకొలది యున్నను ఏ రెండును ఒకటి కావని చెప్పిన అతిశయోక్తి కాదు. ముందు దీపము ఒంటిదా, జంటదా? పైకప్పు మీద మెరపుదీపము కలదా? డైనమిక్ బ్రేకు అమర్చిరా? ముందు అద్దములు పెద్దవిగ నుండి జంబో యని పిలువబడిన కొలది యింజనులలో ఇది చేరినదా? బఫరుపలక వద్ద వ్రేలాడు గొట్టములు వాక్యూము బ్రేకువా, ఎయిరు బ్రేకువా, రెండునా? ఈ ప్రశ్నలకు సమాధానము ఫొటోయే చెప్పవలెను గాని మన ఊహ చెప్పరాదు. నేటికిని ఎక్కడనైన మిగిలిన ఆల్కో ఇంజను కంటబడినచో ప్లాట్‌ఫారము మీద నుండియే చిత్రము తీసికొనవలెను. షెడ్లలోనికి అనుమతి లేనిదే పోరాదు, చిత్రము కొరకు పట్టాలమీదికి దిగుట ఎంతమాత్రమును కూడదు. ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాల అసలు ఇంజనులను దగ్గరగ చూచుటకు తగిన చోటు. పూనాలో బి. ఎస్. జోషీగారు నెలకొల్పిన చిన్న రైళ్ల ప్రదర్శనశాలను చూచినవారు పూర్తియైన నమూనా లోకము ఎట్లుండునో గ్రహింతురు.

అలంకరణలో మొదట చేపట్టవలసినది చేతికడ్డీలు. డబ్ల్యూడీఎం-2కు దేహము సన్నగ నుండి, దాని ఇరుపక్కల నడవ, నడవ అంచున పొడవునా కడ్డీ యుండును. ఆ కడ్డీయే ఈ యింజను రేఖాచిత్రము. అచ్చుబోసిన ప్లాస్టికు కడ్డీలు నిజమునకు రెండింతలు, మూడింతలు లావుగ నుండి ఇంజనును ఆటబొమ్మను చేయును. అసలు కడ్డీ సుమారు 30 మిల్లీమీటర్ల మందమనుకొన్నచో నమూనాలో 0.35 మిల్లీమీటర్లు రావలెను. ఇంత సన్నని తీగకు విదేశములకు వ్రాయనక్కరలేదు. మోటార్లకు చుట్టు ఎనామిలు రాగితీగ రాణీగంజులో తూకమునకు దొరకును. ఒక మూరెడు తీగను తీసి, ఒక కొసను పట్టుకారున బిగించి, రెండవ కొసను మెల్లగ లాగినచో ఒక క్షణమున తీగ చేతిలో మెత్తబడి సాగినట్లు తెలియును. అప్పుడు వదలిన, గీటు గీచినట్లు తిన్నగ నిలుచును. పిమ్మట పైపూతను నీటికాగితముతో గీకి, 0.4 మిల్లీమీటర్ల సన్నని బరమాతో నడవ అంచున గుర్తుపెట్టిన చోట్ల రంధ్రములు తీయవలెను. బరమాను విద్యుత్ యంత్రమునకు తగిలింపక వ్రేళ్లతోనే త్రిప్పవలెను. ప్లాస్టికు వేడికి కరగి రంధ్రము విరూపమగును. నిలువు కడ్డీలన్నియు ఒకే ఎత్తున నిలుచుటకు ఒక అట్టముక్కను కొలతగ కత్తిరించి, ప్రతి కడ్డీ వెనుకను దానిని నిలిపి, అడుగున సూదిమొనతో జిగురుబొట్టు తాకింపవలెను. పొడవైన అడ్డకడ్డీని అన్నిటికంటె చివర, మధ్య నుండి కొసలవైపు అతికించుకొనుచు పోవలెను; ఒక కొస నుండి మొదలిడినచో రెండవ కొసకు చేరునప్పటికి తీగలో వంకర పోగుపడును. ఒక పక్క కడ్డీలకు ఒక సాయంకాలము పూర్తిగ పట్టినను విచారింపరాదు. మిగిలిన అలంకరణ మేమియు చేయక, ఈ కడ్డీలను మాత్రమే చక్కగ అమర్చినను ఇంజను రూపము మారిపోవును.

తరువాత బోగీ పక్కపలకలు. పట్టాలు సన్నగ నుండుటచేత చక్రములు ఉండవలసినదానికంటె ఒక్కొక్క వైపున 1.4 మిల్లీమీటర్లు లోపలికి పోయి, పక్కపలకకును చక్రమునకును నడుమ సందు కనబడును. పక్కపలకను అర మిల్లీమీటరు లోనికి జరిపి, చక్రముల వెలుపలి ముఖములకును పలక లోపలి ముఖమునకును మెరుపులేని ముదురు గోధుమరంగు వేసినచో కన్ను ఆ సందును మరచును. చక్రము పట్టాను తాకు అంచునకు మాత్రము రంగు అంటనీయరాదు. విద్యుత్తు అచ్చటి నుండియే రావలెను.

కప్లింగుల విషయమున మనకు ఒక చిక్కు గలదు. ఆ కాలపు ప్రయాణికుల పెట్టెలకు పక్క బఫర్లును నడుమ మరలు త్రిప్పు గొలుసును ఉండెను. కొత్త గూడ్సు వ్యాగన్లకు పిడికిలి వంటి సెంటర్ బఫర్ కప్లరు ఉండెను. ఇంజను రెండింటితోను పని చేయవలసియుండెను. నడుపుటకు అంగడి పిడికిలి కప్లరు నుంచుకొని, దాని కిరువైపుల బఫర్లను, క్రింద గొట్టములను అమర్చుట నాకు యుక్తమని తోచును. బఫర్లు ఒకదాని నొకటి తాకి మలుపులో పెట్టెను పట్టా దింపకుండ, ఇంజనుకును పెట్టెకును నడుమ రెండు మిల్లీమీటర్ల ఎడము విడువవలెను. బ్రేకు గొట్టములకు సన్నని నల్లతీగను వంచి వాడవచ్చును; వాటి మొనలు పట్టాల కంటె పైన నుండునట్లు చూడవలెను, లేనిచో పాయింట్ల వద్ద తగులుకొని ఇంజను ఆగిపోవును.

రంగునకు మన ఊరి ఋతువులు తెలియవలెను. వానకాలమున గాలిలో తేమ హెచ్చుగ నున్నప్పుడు పిచికారీ చేసిన లక్కరు రంగు మీద తెల్లని మబ్బు పట్టును. మే నెల మధ్యాహ్నమున రంగుతుంపర దేహమును చేరకమునుపే ఆరి, పైపూత ఇసుకవలె గరుకగును. జనవరి, ఫిబ్రవరి నెలల ఉదయములు ఈ పనికి శ్రేష్ఠములు. మొదట బూడిదరంగు ప్రైమరు పలుచగ కొట్టి, పగటి వెలుతురులో చూచినచో అతుకులలోని లోపములన్నియు బయటపడును. వాటిని సరిచేసి మరల కొట్టవలెను. లేతరంగు ముందు, ముదురురంగు వెనుక. ఇంజను రంగులు షెడ్డు షెడ్డునకు మారినవి, ఒకే షెడ్డులో కాలమును బట్టియు మారినవి. కావున కాజీపేట ఇంజనుకు కాజీపేట ఫొటోయే ప్రమాణము, నచ్చిన రంగు కాదు.

ఇంజను కొత్తగ మెరయుచుండగనే పని ముగిసినదని భ్రమింపరాదు. వర్కుషాపు నుండి వచ్చిన మొదటి వారములో తప్ప ఏ డీజిలింజనును అట్లుండదు. పొగగొట్టము వెనుక పైకప్పు మీద మసి పొడవుగ సాగియుండును. చమురు మూతల క్రింద జారిన నల్లని చారలు, ఇంధనపు టాంకి నోటివద్ద తడిమెరుపు, బోగీలమీద బ్రేకుధూళి కలిసిన గోధుమ, నడవమీద అడుగులు పడినచోట అరిగిన రంగు. క్రింది భాగమున పట్టు దుమ్మునకు మన దక్కను రంగుండవలెను. విదేశపు సీసాలలో అమ్ము దుమ్ము పసుపు గాని బూడిద గాని యగును. ఇచ్చటిది రాతినేలది, ఎర్రనిదియు బూడిదయు కలిసినది. దారి పక్కన దొరకు మట్టినే ఆరబెట్టి, నూరి, పలుచని వస్త్రమున వడియగట్టి, మెత్తని కుంచెతో అద్దుట మేలు. కంకరకును ఇదే న్యాయము. అసలు కంకర 50 మిల్లీమీటర్ల రాయి యనుకొన్నచో నమూనాలో అర మిల్లీమీటరు పైచిలుకు. నల్లరాతి పొడిని రెండు జల్లెడలతో పట్టిన కావలసిన పరిమాణము దొరకును. కాని మట్టియైనను రాతిపొడియైనను వాడుటకు ముందు ఒక కాగితముపై పరచి అయస్కాంతమును పైపైన త్రిప్పవలెను. దానిలోని ఇనుపరేణువులు తరువాత ఇంజను మోటారులోని అయస్కాంతమునకు అంటి లోపలికి పోయినచో అంత కష్టపడి కూర్చిన యంత్రము పాడగును.

ధ్వనిని కోరువారికి ఒక హెచ్చరిక. డిజిటలు పద్ధతిలో నడుపునప్పుడు ఇంజనులో పెట్టు ధ్వని డికోడరులు పెక్కు దొరకును. డబ్ల్యూడీఎం-2లో నున్నది ఆల్కో 251 జాతి పదునారు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను, ఆర్.ఎస్.డి.-12లో పన్నెండు సిలిండర్లే. చట్రము అట్లాసుది గదా యని దాని ధ్వనినే ఉంచరాదు. పదునారు సిలిండర్ల 251 ధ్వనిని అడిగి తీసికొనవలెను. జనరల్ మోటార్సు వారి రెండు స్ట్రోకుల ఇంజను ధ్వని దీనికి బొత్తిగ పనికిరాదు. స్టేషనులో నిలిచిన ఆల్కో ఇంజను యొక్క తడబడు గుండెచప్పుడు విని పెరిగినవారు ఆ తేడాను కన్నులు మూసికొనియు చెప్పగలరు. డికోడరు కొనునపుడు, ఇంజను చక్రములను చేతితో అడ్డి ఆపినపుడు మోటారు లాగు కరెంటును కొలిచి, అంతకంటె హెచ్చు తాళగలదానినే ఎన్నుకొనవలెను.

చివర వ్రాయవలసినవి సంఖ్యయు షెడ్డు పేరును. ఫొటోలో నున్న సంఖ్యనే వేయుడు. జన్మదినములను, ఇష్టమైన అంకెలను ఇంజను నెత్తిన పెట్టు అలవాటు కొందరికి కలదు. ఆ సంఖ్య గల అసలు ఇంజను వేరొక షెడ్డుది, వేరొక తరగతిది కావచ్చును, అప్పుడు కడ్డీలు మొదలు గొట్టముల వరకు పడిన శ్రమ యంతయు ఒక్క అంకెచేత అబద్ధమగును. సంఖ్యలను నీటి డెకాలు కాగితముపై అచ్చు వేయించి, అతికించుటకు ముందు ఆ చోటును మెరుపు వార్నీషుతో నునుపు చేసి, అతికించి ఆరిన పిమ్మట మెరుపులేని వార్నీషును పైన పలుచగ కొట్టినచో అక్షరములు రంగుతో వ్రాసినట్లు కలిసిపోవును. నడిపిన ప్రతిసారియు పట్టాలను ఐసోప్రొపైలు ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడువుడు. ఫ్యాను గాలికి చేరు దుమ్ము మన యిండ్లలో ఇంజనుకు మొదటి శత్రువు. గేర్లకు ప్లాస్టికును చెరుపని నూనెను సూదిమొన మీద నిలుచునంత మాత్రమే వేయవలెను. జూను నెల రాకమునుపు ఇంజనును పెట్టెలో పెట్టి, తేమ పీల్చు సిలికా పొట్లము నొకదానిని పక్కన నుంచి, పదునైదు దినముల కొకసారి తీసి, ఇటు నొక చుట్టు అటు నొక చుట్టు మెల్లగ నడిపి మరల లోపల పెట్టుడు.